మట్టి దారుల బండికి ఇరిడియం ప్లగ్: కొనే ముందు, బిగించే ముందు

కొండపల్లి గుట్టల్లో రాళ్ల ఎక్కుడు మధ్యలో బండి ఆగిపోయిందనుకోండి. ముందు బ్రేకు ఎంత గట్టిగా పట్టుకున్నా బండి వెనక్కి జారుతూనే ఉంటుంది, ఎడమ కాలు ఆనించడానికి కదలని రాయి ఒక్కటీ దొరకదు, సెల్ఫ్ కొడితే ఇంజను తిరుగుతుంది గానీ అందుకోదు. రెండోసారి, మూడోసారి, ఈలోపు చేతులు వణకడం మొదలవుతుంది. అక్కడ మొదటి నొక్కుకే బండి స్టార్ట్ అవ్వాలి. ఇరిడియం ప్లగ్, అంటే మొనకి ఇరిడియం అనే లోహం ఉండే స్పార్క్ ప్లగ్ మీద డబ్బు పెట్టడానికి నా దృష్టిలో అసలు కారణం ఇదే. పవర్ పెరుగుతుందనో, లీటరుకి పది కిలోమీటర్లు ఎక్కువిస్తుందనో ఎవరైనా చెబితే నమ్మకండి. కండిషన్‌లో ఉన్న బండికి ఏ ప్లగ్ వేసినా పవర్‌లో మనకి తెలిసేంత తేడా రాదు. తేడా కనపడేది స్టార్టింగ్‌లో, తక్కువ ఆర్‌పీఎంలో బండి దగ్గకుండా లాగడంలో.

నేనుండేది గుంటూరు. ఆదివారం తెల్లవారకముందే లేచి ఓ వారం కొండవీడు చుట్టుపక్కల డొంకలు, ఓ వారం కృష్ణ దాటి కొండపల్లి, మూలపాడు వైపు. ఈ దారుల్లో ఇంజను పడే పాట్లు హైవే మీద పడేవి కావు. మొదటి గేరు, రెండో గేరు, క్లచ్ సగం పట్టి, యాక్సిలరేటర్ ఇచ్చీ ఇవ్వనట్టుగా గంటసేపు నడుపుతాం. ప్లగ్ మొన తగినంత వేడెక్కదు. అది సుమారు 450–500 డిగ్రీల సెల్సియస్ దాటితేనే దాని మీద పేరుకున్న మసి దానంతటదే కాలిపోతుంది. అలాగని 800 డిగ్రీలు బాగా దాటనిస్తే స్పార్క్ రాకముందే ఆ కాలిన మొనకే పెట్రోలు అంటుకుంటుంది, పిస్టన్ కరిగే ప్రమాదం అక్కడుంది. ఈ రెండింటి మధ్యలో మొనని నిలబెట్టగలిగితేనే అది మీ ఇంజనుకి సరైన ప్లగ్.

ఇరిడియం ఎందుకు మెరుగో కూడా చెప్పుకోవాలి, లేకపోతే షాపులో ఎవరు ఏది చెబితే అదే నమ్మాల్సి వస్తుంది. మామూలు ప్లగ్‌లో మధ్య కడ్డీ నికెల్ మిశ్రమం, లోపల రాగి, మొన మందం సుమారు 2.5 మిల్లీమీటర్లు. ఇరిడియం ప్లగ్‌లో ఆ మొన 0.6 మిల్లీమీటర్లు, కొన్నింట్లో 0.4 మాత్రమే, రెండూ పక్కపక్కన పట్టుకుని చూస్తే ఒకటి అరిగిన పెన్సిలు, ఇంకొకటి గుండుసూది. పొలం గట్టు మీద అంత చోటుండగా పిడుగు వెళ్లి తాడిచెట్టు మీదే ఎందుకు పడుతుందో, కరెంటు కూడా సన్నటి మొన నుంచే అందుకే తేలిగ్గా దూకుతుంది. అంటే తక్కువ వోల్టేజీకే స్పార్క్ వస్తుంది. బ్యాటరీ కాస్త నీరసంగా ఉన్నా, పడిలేచిన బండిలో ప్లగ్ పెట్రోలుతో కొంచెం చెమ్మగిల్లినా మనకి పనికొచ్చేది ఈ వెసులుబాటే. పైగా అప్పుడే పుట్టిన చిన్న మంటకి చుట్టూ లావుపాటి లోహం ఉంటే ఆ లోహం దాని వేడిని పీల్చేస్తుంది, సన్నటి మొన అంతగా పీల్చదు.

మరి నికెల్‌నే సన్నగా చెక్కితే పోలేదా అంటే, అది నిలవదు, తొందరగా అరిగిపోతుంది. నికెల్ 1455 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ప్లాటినం 1768 దగ్గర, ఇరిడియం 2446 దగ్గర. గట్టిదనం కూడా ఎక్కువే. అయితే ఒక మెలిక ఉంది. బైకులకి విడిగా అమ్మే చాలా ఇరిడియం ప్లగ్గుల్లో మధ్య మొన మాత్రమే ఇరిడియం, పైనుంచి వంగి వచ్చే కొక్కెం మామూలు నికెలే. మొన అరగకపోయినా ఆ కొక్కెం అరుగుతుంది, రెండింటి మధ్య ఉండే సందు, అంటే గ్యాప్ పెరుగుతుంది. కాబట్టి "లక్ష కిలోమీటర్లు ముట్టుకోనక్కర్లేదు" అనే మాట ప్రతి ప్లగ్‌కీ వర్తించదు. మామూలు ప్లగ్‌ ధరకి కొన్ని రెట్లు పెట్టి కొంటున్నాం కదా అని వేసి మర్చిపోకండి, సర్వీసు చేయించినప్పుడల్లా తీసి చూడండి.

కొనే ముందు చేయాల్సిన మొదటి పని, మీ బండిలో ఇప్పుడు ఏముందో చూడటం. ఈమధ్య వచ్చిన కొన్ని బండ్లకి కంపెనీ నుంచే ఇరిడియం వస్తోంది, వాటికి మళ్లీ మార్చడానికేమీ లేదు. ఓనర్స్ మాన్యువల్ తీసి ప్లగ్ నంబరు, గ్యాప్ ఎంతో ఒక కాగితం మీద రాసుకోండి. బండిలో ఉన్న ప్లగ్ మీద అచ్చేసిన నంబరు చూసి కొనేస్తే చాలదు, సెకండ్‌హ్యాండ్ బండైతే అంతకు ముందువాళ్లు ఏది దొరికితే అది వేసి ఉండొచ్చు.

ఆ నంబరు చదవడం నేర్చుకుంటే సగం పని అయినట్టే. ఎన్‌జీకే కంపెనీలో సీపీఆర్8ఈఏ-9 అనే ప్లగ్ తీసుకుందాం. మొదటి 'సీ' అంటే థ్రెడ్ 10 మిల్లీమీటర్లు, పానా సైజు 16. 'పీ' అంటే మొన కొంచెం ముందుకు పొడుచుకొచ్చిన రకం. 'ఆర్' అంటే లోపల రెసిస్టర్ ఉంది. '8' హీట్ రేంజ్, అంటే మొన తన వేడిని ఎంత తొందరగా దించేస్తుందో చెప్పే అంకె. 'ఈ' అంటే థ్రెడ్ పొడవు 19 మిల్లీమీటర్లు. చివరి '9' అంటే గ్యాప్ 0.9 మిల్లీమీటర్లు. దీనికే ఇరిడియం రకం కావాలంటే సీపీఆర్8ఈఏఐఎక్స్-9 అడగాలి, మధ్యలో 'ఐఎక్స్' చేరింది, మిగతాదంతా అదే. మీ బండి నంబరు వేరే అయినా సూత్రం ఇదే, ఇరిడియం అని చెప్పే అక్షరాలు తప్ప ఇంకేదీ మారకూడదు. థ్రెడ్ పొడవు ఎక్కువైతే పిస్టన్‌కి తగలొచ్చు, తక్కువైతే ఇంజను పైభాగమైన హెడ్‌లో ఖాళీగా మిగిలిన మరల్లో మసి గట్టిపడి తర్వాత సరైన ప్లగ్ కూడా ఎక్కదు. 'ఆర్' లేని ప్లగ్‌ ఫ్యూయల్ ఇంజెక్షన్ బండికి వేయొద్దు, స్పార్క్ నుంచి పుట్టే ఎలక్ట్రికల్ అల్లరి ఇంజనుని నడిపించే కంప్యూటర్‌ని, అంటే ఈసీయూని తికమక పెడుతుంది.

హీట్ రేంజ్ దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు, నేనూ తిన్నాను. ఏప్రిల్‌లో ఒక షాపులో ప్లగ్ అడిగితే, "మన ఎండలకి ఇది ఆగదు, ఒక నంబరు చల్లది వేస్కో అన్నా" అని 8 బదులు 9 ఇచ్చాడు. బెజవాడ ఎండ సంగతి తెలిసిందే, బయట 45 డిగ్రీలుంటే ఆ మాట నిజమే అనిపించింది. మంగళగిరి దాకా హైవే మీద బ్రహ్మాండంగా నడిచింది. కొండపల్లి దగ్గర మట్టిలోకి దిగిన అరగంటకి మిస్సింగ్ మొదలైంది, ఇంకో పావుగంటకి బండి ఆగింది. తీసి చూస్తే మొన చుట్టూ ఉన్న తెల్లటి పింగాణీ నల్లగా, వెల్వెట్ గుడ్డలా పొడి మసితో నిండిపోయి ఉంది. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. లోపల పెట్రోలు మండేటప్పుడు వేడి 2000 డిగ్రీలు దాటుతుంది, దాని ముందు బయటి గాలిలో పది డిగ్రీల తేడా ఏపాటిది? చల్లటి ప్లగ్ అంటే మొన వేడిని హెడ్‌లోకి తొందరగా దించేసే ప్లగ్, హైస్పీడులో గంటలకొద్దీ నలిగే ఇంజనుకి అది కావాలి. నెమ్మదిగా పాకే మన నడకలో దాని మొన 450 దాకా కూడా చేరదు, మసి కాలదు. కంపెనీ ఇచ్చిన నంబరే ఉంచండి.

ఇంకొకటి, ఈ నంబర్లు అన్ని కంపెనీలకీ ఒకలా ఉండవు. ఎన్‌జీకే, డెన్సోలలో అంకె పెరిగితే చల్లటిది, బాష్‌లో అంకె పెరిగితే వేడిది. ఎన్‌జీకే 7, 8, 9లకి డెన్సోలో 22, 24, 27 సమానం. కౌంటర్లో ఉన్న కుర్రాడు బాష్ నంబరు చూసి ఎన్‌జీకేలో అదే అంకె తీసిస్తుంటే వెంటనే ఆపండి.

నకిలీల సంగతి. విజయవాడ ఆటోనగర్‌లో వెతికితే దొరకని పార్టు ఉండదు, అలాగే జాగ్రత్తగా చూడకపోతే నకిలీ కూడా చేతిలోకొస్తుంది. బిల్లిచ్చే చోట కొనండి. డబ్బా తెరిచి ఎండలోకి తీసుకెళ్లి మొన చూడండి, నిజమైన ఇరిడియం మొన నిటారుగా, కచ్చితంగా మధ్యలో, దాని మొదట్లో చుట్టూ వెల్డింగ్ నునుపుగా ఉంటుంది. నకిలీల్లో మొన లావుగానో ఒక పక్కకి ఒరిగో కనిపిస్తుంది, కొన్నింట్లో నికెల్‌నే సన్నగా చెక్కి పెడతారు. పింగాణీ మీద అచ్చు స్పష్టంగా ఉండాలి, థ్రెడ్ మీద గోరుతో రాస్తే గరుకు తగలకూడదు. వాషర్ దానంతటదే ఊడి చేతిలోకి వస్తే ఆ ప్లగ్ వెనక్కిచ్చేయండి.

ఇక విప్పడం. పొద్దున్నే, ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే పెట్టుకోండి, వేడి మీదున్న అల్యూమినియం హెడ్‌లోంచి ప్లగ్ లాగితే మరలు కూడా దానితో పాటు వచ్చేస్తాయి. మన బండ్ల విషయంలో అసలు శత్రువు మట్టి. నల్లరేగడి ఒకసారి ప్లగ్ చుట్టూ చేరి ఎండితే సిమెంటుతో సమానం, కొండ దారుల ఇసుక సన్నంగా ప్రతి సందులోకీ దూరుతుంది. ప్లగ్ క్యాప్ తీయకముందే బండి కడిగి ఆరనివ్వండి. క్యాప్‌ని వైరు పట్టుకుని కాకుండా క్యాప్‌నే పట్టుకుని, కొంచెం అటూ ఇటూ తిప్పి లాగండి. లాగాక ప్లగ్ చుట్టూ ఉన్న గుంటలోకి గాలి కొట్టండి, కంప్రెసర్ లేకపోతే సైకిలు పంపు చాలు, కళ్లకి అద్దాలు పెట్టుకోండి, ఆ ఇసుక నేరుగా మొహం మీదికే వస్తుంది. తర్వాత పానా పెట్టి పావు చుట్టు మాత్రం వదులు చేసి ఆపండి. మళ్లీ గాలి కొట్టండి. థ్రెడ్ చుట్టూ అంటుకున్న మిగతా ఇసుక అప్పుడే వదులుతుంది. ఈ రెండోసారి గాలి కొట్టడం ఎవరూ చెయ్యరు, దయచేసి మీరు చెయ్యండి. సిలిండర్లోకి పడ్డ పది ఇసుక రేణువులు గోడల మీద గీసే గీతలకి ఏ ప్లగ్గూ మందు కాదు.

ఎయిర్ కూల్డ్ బండ్లకి ప్లగ్ పక్కనే కనిపిస్తుంది, పది నిమిషాల పని. లిక్విడ్ కూల్డ్ బండ్లలో చాలావాటికి హెడ్ నడిమధ్యలో లోతైన బావిలో ఉంటుంది, ట్యాంకు ఎత్తాలి, పొడవాటి పలచటి ప్లగ్ పానా కావాలి. మామూలు సాకెట్ దూర్చి వంకరగా తిప్పితే పింగాణీలో కంటికి కనపడని పగులొస్తుంది, ఆ తర్వాత వానలో మాత్రమే మిస్సయ్యే బండి తయారవుతుంది, కారణం వెతుక్కోలేక చస్తాం.

పాత ప్లగ్ పారేయొద్దు, దాన్ని చదవండి. మొన చుట్టూ లేత గోధుమ రంగో బూడిద రంగో ఉంటే ఇంజను బాగుంది. పొడి మసి అంటే పెట్రోలు ఎక్కువ పడుతోంది, లేదా ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయింది. జిడ్డుగా నల్లగా ఉంటే ఇంజనాయిల్ పైకొస్తోంది, రింగులో వాల్వు సీళ్లో చూపించుకోవాలి. సున్నంలా తెల్లబడి బొబ్బలెక్కినట్టుంటే మిక్చర్ పలచబడి అతిగా వేడెక్కుతోంది. ఈ రోగాలు ఉండగా ఇరిడియం వేస్తే అదీ అలాగే పాడవుతుంది, నాలుగు రోజులు ఆలస్యంగా. ముందు రోగం కుదర్చండి, తర్వాతే కొత్త ప్లగ్.

గ్యాప్ దగ్గర జాగ్రత్త. కొత్త ఇరిడియం ప్లగ్ గ్యాప్ సరిచేసే వస్తుంది, అయినా పార్సిల్లో ఎక్కడైనా పడిందేమో అని చూసుకోవడం మంచిదే. గుండ్రటి తీగ ఉన్న గేజీతో చూడండి, బిళ్ల గేజీని మొనకి ఆనించి మెలిపెడితే ఆ 0.6 మిల్లీమీటర్ల మొన పుటుక్కున విరుగుతుంది. గట్టిదనంతో పాటు పెళుసుదనమూ దాని గుణమే. సరిచేయాల్సి వస్తే పైనున్న కొక్కెం ఒక్కదాన్నే వెంట్రుకవాసి వంచండి, మొనని దేనితోనూ తాకొద్దు. మామూలు ప్లగ్ అలవాటులో గరుకు కాగితం, వైరు బ్రష్షు పెట్టి రుద్దడం కూడా దీనికి పనికిరాదు. తడిసినా మసిపట్టినా కార్బ్యురేటర్ క్లీనర్ స్ప్రే కొట్టి ఆరబెట్టడమే.

బిగించడం గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే మా బాబాయి కొడుకు బండి హెడ్ పోయింది ఇక్కడే. ఒక మెకానిక్ దగ్గర పనిచేసే పిల్లాడు కొత్త ప్లగ్‌ని మొదటి చుట్టు నుంచే పానాతో తిప్పాడు, అది మరలో పడకుండా అడ్డంగా కోసుకుంటూ వెళ్లింది. "అన్నా, సగం దాకా వెళ్లి బిగుసుకుపోయింది, ఇటు తిరగదు అటు తిరగదు" అని వాడు ఫోన్ చేసేసరికే పని అయిపోయింది. హెడ్ దింపి, లేతు దగ్గర కొత్త మరల బుష్ వేయించడానికి మూడు రోజులు, ఇరిడియం ప్లగ్గులు ఎన్నో వచ్చేంత డబ్బు.

అందుకని చేత్తో తిప్పండి. లోతు బావైతే జానెడు పెట్రోలు పైపు ముక్క ప్లగ్ తలకి తొడిగి దాంతో దించండి. ముందు ఎడమవైపుకి, అంటే విప్పే వైపుకి, నెమ్మదిగా తిప్పండి, మర మొదలు కలిసిన చోట చిన్నగా 'టక్' అని దిగినట్టు వేళ్లకి తెలుస్తుంది. అక్కడ్నుంచి కుడివైపు తిప్పితే దానంతటదే జారుకుంటూ వెళ్లాలి. అడ్డం పడితే పైపు చేతిలో జారిపోతుంది, బలం మరల మీద పడదు, పైపు ముక్క లాభం అదే. వాషర్ ఆనేదాకా చేత్తోనే వెళ్లాలి. ఆ తర్వాతే పానా. బిగించే బలాన్ని కొలిచే టార్క్ రెంచి ఉంటే 10 మిల్లీమీటర్ల థ్రెడ్‌కి 10–12 న్యూటన్ మీటర్లు, 12కి 15–20, 14కి 25–30, మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే ఖాయం. రెంచి లేకపోతే డబ్బా మీద గీసి చూపించినంతే తిప్పండి, వాషరున్న కొత్త ప్లగ్‌కి మామూలుగా అది అర చుట్టు. ఆ అర చుట్టులో వాషర్ నలుగుతూ మెత్తగా లొంగుతుంది, తర్వాత ఒక్కసారిగా గట్టిపడుతుంది, ఆ గట్టితనం తగలగానే చెయ్యి తీసేయండి. ఒకసారి వాడిన ప్లగ్ మళ్లీ వేస్తుంటే వాషర్ ముందే నలిగి ఉంటుంది, ఆనాక గడియారంలో ఒక గంట జరిగినంత, అంటే చుట్టులో పన్నెండో వంతు చాలు. బాగా బిగిస్తే మంచిది కదా అని ఇంకో పట్టు పట్టొద్దు. మరలకి గ్రీజు, పట్టేయకుండా పూసే యాంటీ సీజ్ కూడా వద్దు, కొత్త ప్లగ్గుల మీద పూత ఉంటుంది, జారుడు పెరిగితే అదే బలానికి ఎక్కువ బిగుసుకుని మర తెగుతుంది.

క్యాప్ గట్టిగా నొక్కి లోపల కూర్చున్న చప్పుడు వినండి. క్యాప్ రబ్బరు చీలి ఉంటే ఇప్పుడే మార్చేయండి. వాగు దాటేటప్పుడు నీళ్లు దూరేది అక్కడే.

స్టార్ట్ చేసి రెండు నిమిషాలు ఐడిల్‌లో వదిలి చెవి పెట్టండి. 'చఫ్ చఫ్' మని గాలి తన్నే చప్పుడొస్తే ప్లగ్ సరిగా ఆనలేదు. బాగుంటే మీ మామూలు దారిలో ఓ ఇరవై కిలోమీటర్లు నడిపి, చల్లారాక మళ్లీ ఒక్కసారి తీసి రంగు చూడండి. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లలో పింగాణీ దాదాపు తెల్లగానే ఉంటుంది, బొబ్బలు లేనంత వరకు టెన్షన్ అక్కర్లేదు.

తీసిన పాత ప్లగ్ మంచిదే అయితే దాని డబ్బాలోనే పెట్టి, ప్లగ్ పానాతో కలిపి సీటు కింద కట్టేయండి, రెండూ లేకుండా గుట్టల్లోకి వెళ్లొద్దు. బండి నీళ్లలో మునిగిందంటే ఆ పానా విలువ తెలుస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు వేల బండ్లు మునిగినప్పుడు, నీళ్లు తగ్గగానే ఆత్రంగా సెల్ఫ్ కొట్టినవాళ్ల ఇంజన్లే ఎక్కువ ప్రమాదంలో పడ్డాయి, సిలిండర్లో నీళ్లుంటే పిస్టన్ వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. వాగులో పడ్డ బండికీ అంతే. బయటికి లాగి, సెల్ఫ్ ముట్టుకోకుండా ముందు ప్లగ్ తీయండి. క్యాప్‌ని సీటు కింద పెట్టిన పాత ప్లగ్‌కి తగిలించి, దాని ఇనుప భాగం ఇంజను లోహానికి ఆనేలా, ప్లగ్ రంధ్రానికి దూరంగా కట్టండి, అక్కడ పెట్రోలు ఆవిరుంటుంది, స్పార్క్ తగిలితే అంటుకుంటుంది. మొహం పక్కకి తిప్పుకుని సెల్ఫ్ కొట్టండి, నీళ్లు పిచికారీలా బయటికి చిమ్ముతాయి. చిమ్మడం ఆగేదాకా కొట్టి, ఎయిర్ ఫిల్టర్ పిండి, ఇంజనాయిల్ పాలకలిపిన టీ రంగులోకి మారిందేమో చూడండి. మారి ఉంటే ఆయిల్లో నీళ్లు కలిసినట్టే, ఇక స్టార్ట్ చేయకుండా తోసుకుంటూ రోడ్డెక్కించండి. మారకపోతే పొడి ప్లగ్ వేళ్లతో తిప్పి, వాషర్ ఆనాక పానా పెట్టండి.